తిమ్మారెడ్డి ఎడమకన్ను

కారు తారురోడ్డు దిగి కంకర మీదికొచ్చిన చప్పుడు వినగానే ఓబులేసాచారి చేతిలోని ఉలి కింద పెట్టాడు. మట్టితొట్టి దగ్గరికి నాలుగంగల్లో వచ్చి, పిడికెడు బంకమట్టి తీసుకొని, రెండు చేతులకూ మణికట్ల దాకా పూసుకున్నాడు.

ఫెబా పక్కకు జరిగింది. జరగమని ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. వచ్చిన మొదటివారంలో ఒకసారి చెప్పాడు. అంతే. చేతిలోని చెక్కపుల్లను నీళ్ల బకెట్లో వేసి, వేళ్ల సందుల్లో మట్టి కడుక్కుంటూ, సగం చెక్కిన నంది వెనక నిలబడింది.

ఆళ్లగడ్డ రోడ్డు పక్కన ఆచారి రాళ్ల పనిశాల అది. రేకుల కింద నాలుగు గ్రైండర్లు, నిలబెట్టిన రాళ్లు, పడుకోబెట్టిన దేవుళ్లు. అన్నిటి మీదా తెల్లటి దుమ్ము. ఒక్క మూల మాత్రం తడిగా ఉంటుంది. అక్కడ చెక్కబల్ల మీద, ఇనపకడ్డీల పంజరానికి పట్టించిన మట్టిలో ఒక ముసలాయన ముఖం మూడు వారాలుగా తయారవుతోంది. బుగ్గలు వచ్చాయి. ముక్కు వచ్చింది. మెడ కింద నరం వచ్చింది. కళ్లు మాత్రం రాలేదు. కళ్లుండాల్సిన చోట రెండు నున్నటి గుండ్లున్నాయి.

కారు దిగినాయన సురేష్‌రెడ్డి. నంద్యాలలో విత్తనాలు, పురుగుమందుల అంగడి. బొమ్మ వాళ్ల నాయన తిమ్మారెడ్డిది. పోయినేడు పోయాడు. వచ్చే నెల సంవత్సరికానికి కోయిలకుంట్ల దోవలో, వాళ్ల చేను గట్టు మీద బొమ్మ పెట్టాలి.

"అన్నా, అదురుతాండాది!" అన్నాడు సురేష్‌రెడ్డి చుట్టూ తిరిగి ఫోన్లో ఫోటోలు తీసుకుంటూ. "మా నాయన లేచొచ్చినట్లుండాడు. కండ్లేంది, ఇంకా పెట్టల్యా?"

"కండ్లు ఆఖర్న పెడ్తాం రెడ్డీ. మీ ముందరే తెరిచేది. అదీ మా ఆచారం. గురువారం పొద్దున మంచి గడియ ఉండాది. అమ్మను పిల్చుకొని రా." ఓబులేసాచారి మట్టిచేతుల్ని కనబడేటట్టు ముందుకు పెట్టి, ఒక బొటనవేలితో బొమ్మ చెవిని ఊరికే తాకాడు.

"ఆ పాప ఎవరు?"

"యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఆర్నెల్లు నేర్చుకోవాలంట. మట్టి పిసుకుతాది."

"ఏం చదువు పాపా?"

"బీఎఫ్ఏ సార్. శిల్పం. ఆఖరి సంవత్సరం."

"అది చదివితే ఏమైతారు?"

ఫెబా నోరు తెరిచేలోగా ఆచారి నవ్వాడు. "ఏమైతారు? నా మాదిరైతారు. నేను చదవకుండానే అయినా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫెబా కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదు.

కారు వెళ్లాక ఆచారి చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయాడు. ఫెబా సబ్బు అందించి, అక్కడే నిలబడింది.

"సార్, ఆ లెటరు..."

"ఏ లెటరు?"

"హైదరాబాదులో ఎంఎఫ్ఏకి పెడ్తాండా గద సార్. ఐదు పన్ల ఫోటోలు అడిగినారు. నాలుగు కాలేజీవి ఉండాయి. ఒకటన్నా బయట చేసింది, నిజంగా ఒకరికోసం చేసింది ఉండాల. అది నేనే చేసినానని మీరు రాసియ్యాల. శుక్రవారం సాయంత్రం ఐదుకు ఆఖరు."

ఆచారి చేతులు దులుపుకున్నాడు. "వచ్చినావని రాసిస్తా. పని నేర్చినావని రాసిస్తా. మట్టి బాగా కలుపుతావని కూడా రాసిస్తా, నిజమే గద. బొమ్మ నువ్వు చేసినావని యాడ రాసేది?"

"నేనే గద సార్ చేసింది."

అతను కోపగించుకోలేదు. భుజం మీది తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటూ అన్నాడు. "చూడు పాపా. యాగంటి దోవలో ఒక గుడికి ద్వారపాలకుల్ని చేసినాం. నాకప్పుడు నీ వయసే. ఆర్నెల్లు చెక్కినా ఇద్దర్నీ. ఆఖర్న మా నాయనొచ్చి కండ్లకు రెండు గీట్లు గీసి, చేతులు కడుక్కొని పోయినాడు. ఈ పొద్దుకూ అవి ఆయన బొమ్మలే. నేను అడగల్యా. కండ్లు తెరిచినోడిదే బొమ్మ. నేను పెట్టిందా ఈ ఆచారం?"

గ్రైండరు మోత మొదలైంది. ఇక మాట్లాడినా వినబడదు.

*

ఫెబా ఊరికి చేరేసరికి పొద్దు వాలింది. ఆళ్లగడ్డలో బస్సెక్కి, ఉయ్యాలవాడలో దిగి, అక్కడ్నించి ఆటో. శనగ పీకే రోజులు. ఆటోలో ఆడవాళ్లందరి చేతులూ ఒకేరంగుగా ఉన్నాయి.

ఇంటి ముందు బండ మీద తల్లి సువార్తమ్మ కూచుని అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. శనగచెట్టు పులుపుకు వేళ్లు చీరుకుపోయి ఎర్రగీతలు పడ్డాయి. ఫెబా పక్కన కూచుని తన చేతులు కూడా చాపింది. బంకమట్టికి ఆరి ఆరి అవీ పగిలున్నాయి.

"దా, నీకూ రాస్తా. ఇద్దరం ఒకే చేన్లో కూలికి పోయినట్లుండాం," అంది సువార్తమ్మ. "ఆదివారం పాస్టరయ్య మళ్లా అడిగినాడు. మీ పాప విగ్రహాలు చేసే చదువు చదువుతాంది గదా, పది ఆజ్ఞలు తెల్దా మీకు, అని."

"నేను మనుషుల్ని చేస్తాండా గదమ్మా."

"అదే చెప్పినా. దేవుడు మట్టి తీసుకొనే గద అయ్యా ఆదాముని చేసింది, మా పాప అదే పని చేస్తాంది అన్నా."

"అమ్మా! ఏమన్నాడు?"

"ఆయన ఊపిరి ఊదినాడు, మీ పాప ఊదుతాదా అన్నాడు. ఊదితే ఆ బొమ్మను మీ చర్చికే తోల్తా, కానుక వేస్తాడు అన్నా." సువార్తమ్మ నవ్వింది. గొడ్డుకు నీళ్లు పెడుతున్న నాయన మద్దిలేటి కూడా అటు తిరిగి నవ్వుకున్నాడు.

ఫెబా లెటరు సంగతి చెప్పింది. సువార్తమ్మ నూనె రాయడం ఆపలేదు. బొటనవేలి పక్క చీలికలోకి నూనె ఇంకేదాకా రుద్దింది.

"నలబై ఏండ్లుగా పీకిన చేన్లల్లో యాడన్నా నా పేరుండాదా? అడిగితే నవ్వుతారు. కాని నేను చదవల్యా. నువ్వు చదివినావు. నువ్వు అడుగు."

"అడిగినా. కాదన్నాడు."

"ఒక తూరి అడిగితే కూలి కూడా పెంచరు పాపా."

*

మంగళవారం పొద్దున ఫెబా ఫోటోను మళ్లీ చేతిలోకి తీసుకుంది. లామినేషన్ చేసిన పెద్ద ఫోటో. సురేష్‌రెడ్డి ఇచ్చింది ఇదొక్కటే. పోయినాయన తెల్లచొక్కాతో, నిటారుగా, ముందుకు చూస్తుంటాడు. ఈ మూడు వారాల్లో ఆ ముఖాన్ని ఆమె కొలవని చోటు లేదు.

కళ్లు తెరిచే పని తనది కాదు. కానీ రెప్పలకు మట్టి సిద్ధంగా పెట్టాల్సింది తనే. కొలతకాంపాసుతో ఫోటోలో కుడికన్ను వెడల్పు తీసింది. ఎడమకన్ను తీసింది. సమం. ఎత్తు తీసింది. సమం. కొనల దగ్గర ముడతలు లెక్కపెట్టింది. ఇటు మూడు, అటు మూడు.

ఆమె చెయ్యి ఆగింది.

మొదటి సంవత్సరంలో వాళ్లకు పాఠం చెప్పిన మేడం నలభై రోజులు ఏ బొమ్మా వేయించలేదు. క్లాసులో ఒకరి ముఖం ఒకరు చూసి, కుడికీ ఎడమకీ ఉన్న తేడాలు మాత్రం రాయమంది. అందరూ విసుక్కున్నారు. "దీనికా మా నాయన ఫీజు కట్టింది" అన్నారు. నలభై రోజుల తర్వాత, రెండువైపులా ఒకేలా ఉన్న మనిషి ముఖం ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు.

ఫోటోను వెలుతురు దగ్గరికి పట్టుకుపోయింది. నల్లగుడ్డులో వెలుగుచుక్క చూసింది. కుడికంట్లో అది ముక్కు వైపుంది. ఎడమకంట్లో కూడా ముక్కు వైపే ఉంది. ఆకాశంలో ఇద్దరు సూర్యులుంటే తప్ప అట్లా పడదు.

మధ్యాహ్నం సెలవడిగి నంద్యాల బస్సెక్కింది.

బస్టాండు వెనక సందులో ఫ్లెక్సుల అంగడి. లోపల ప్రభాకర్ కంప్యూటరు ముందున్నాడు. ఫెబా కాలేజీలోనే, రెండేళ్లు పైన, పెయింటింగ్. బ్యాచ్‌లో మొదటివాడు. అతను వేసిన కుందూ నది నీళ్లు ఇప్పటికీ డిపార్టుమెంటు గోడ మీద ఉన్నాయి. ఇప్పుడు తెర మీద ఎవరో పెద్దమనిషి పుట్టినరోజు. చుట్టూ ముప్పై తలకాయలు గుండ్రంగా అతికిస్తున్నాడు.

"రామ్మా శిల్పీ! తలకాయ సైజును బట్టి పార్టీలో స్థానం. ఒక తలకాయ చిన్నదైందని పొద్దున ఒకాయన వచ్చి కొట్టబోయినాడు. కూచో, టీ తాగు."

ఫెబా ఫోటో ముందు పెట్టింది. ప్రభాకర్ ఒక్కచూపు చూసి తల గోక్కున్నాడు.

"నేను చేసిందే ఇది. శ్రద్ధాంజలి ఫ్లెక్సుకు."

"కండ్లు?"

"కనిపెట్టినావా?" అతని ముఖంలో సిగ్గుతో పాటు ఏదో సంతోషం కూడా కనబడింది. "రెండేండ్లయింది, ఒక్కడూ కనిపెట్టలేదు నా మోసాలు. మెడ కాడ్నించి కిందికి ఆయప్ప కాదు, తెల్సా? ఆ చొక్కా, భుజాలు రెడీమేడు. నంద్యాల చుట్టుపక్కల పోయినోళ్లందరూ ఆ చొక్కాలోనే పోయినారు. మా బ్యాచ్ రవణ హైదరాబాదులో గేముల కంపెనీలో కత్తులు గీస్తాండాడు. ఇంకొకడు బెంగుళూర్లో పెండ్లి స్టేజీలకు థర్మాకోల్ నెమళ్లు కోస్తాండాడు. కృష్ణవేణి బడిలో డ్రాయింగు టీచరు. డ్రాయింగు వారానికొకటి, బస్సు డ్యూటీ రోజూ. నేనేమో సచ్చినోళ్లకు తెల్లచొక్కా తొడుగుతాండా."

"కన్ను సంగతి చెప్పన్నా."

అతను పాత ఫైలు వెతికి తెరిచాడు. ఎవరిదో పెళ్లి. పందిట్లో ప్లాస్టిక్ కుర్చీలో తిమ్మారెడ్డి. నెత్తిన తువ్వాలు. ఎవరో ఏదో అన్నట్టున్నారు, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. కుడికన్ను బాగా తెరిచి ఉంది. ఎడమకన్ను మీదికి రెప్ప సగం దాకా దిగి ఉంది.

"కొడుకే చెప్పినాడు. మా నాయన కన్ను బాగుచెయ్యి అని. కుడికన్ను కాపీ చేసి, తిప్పి, అటు అతికించినా. రెండు నిమిషాల పని. డాక్టర్లు చెయ్యలేనిది నేను చేసినా చూడు."

ఫెబా ఆ నవ్వును చాలాసేపు చూసింది. తను మూడు వారాలుగా చేసింది ఈ మనిషిని కాదు. ఒక మనిషిలో సగాన్ని రెండుసార్లు చేసింది.

"నా ఫోనుకు పంపు."

"పంపుతా గాని," ప్రభాకర్ టీగ్లాసు పక్కకు పెట్టాడు. "హైదరాబాదుకు పెడ్తాండావంట గదా. పో. నేను ఆ లెటర్లు గిటర్లు తిరగలేక వదిలేసినా. నువ్వు వదలాకు."

*

బుధవారం ఆ ఫోటో చూసి ఓబులేసాచారి ఫోనును దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత తిరిగిచ్చేశాడు.

"అయితే?"

"కన్ను ఇట్ల ఉండాది సార్. మనం చేసింది తప్పు."

"కొడుకు తెచ్చిచ్చిన ఫోటో ఏది? దాన్ని బట్టే చేసినాం. కొడుకు వద్దనుకున్న కన్ను మనకెందుకు?" అతను లేచి బొమ్మ దగ్గరికి వచ్చాడు. "ఇంకోటి విను. కొలత తప్పిన కన్ను మా చేత్తో పెట్టగూడదు. ఒక కన్ను పైకి ఒక కన్ను కిందికి ఉంటే ఆ బొమ్మను గుళ్లోకే రానియ్యరు. గుంతలో పూడ్చాల్సిందే. వంకరకన్ను పెట్టినోడి ఇంట్లో దీపముండదు అనేవాడు మా నాయన."

"అది దేవునికి సార్. ఈయన మనిషి గదా."

"నా చేతికి తెల్సునా ఆ తేడా? ముప్పైయేండ్లుగా దేవుళ్లనే చేసింది ఇది." అతను తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. మట్టి గీకే తీగెపుల్ల తీసుకొని ఫెబా పెట్టిన కనుబొమను సవరించడం మొదలుపెట్టాడు. ఎండలో పనిచేసి ముడుచుకున్న బొమ అది. అతని చేతికింద అది మెల్లగా విల్లులా వంగింది. పెదవి కొన కొంచెం తీశాడు. దవడ కొంచెం తీశాడు. తీసిన ప్రతిచోటా ముఖం నున్నబడింది, చల్లబడింది, పూజకు సిద్ధమైంది.

ఫెబా రాలిన మట్టిని ఏరి తొట్టిలో వేసింది. శుక్రవారం గుర్తుంది.

సాయంత్రం బొమ్మకు తడిగుడ్డలు చుట్టేటప్పుడు మాత్రం, ఎడమకన్ను మీద గుడ్డను ఇంకో రెండు మడతలు వేసింది. దాని మీద నీళ్లు చిలకరించింది. పైన ప్లాస్టిక్ కాగితం కట్టింది. మిగతా ముఖం తెల్లారేసరికి కాస్త గట్టిపడుతుంది. అక్కడ మట్టి మాత్రం వెన్నలా ఉండాలి. ఎందుకో తనకే తెలీదు. మట్టి మెత్తగా ఉన్నంతసేపు పని అయిపోనట్టే లెక్క, అంతే.

*

గురువారం ఎనిమిదిన్నరకు కారు వచ్చింది. ఓబులేసాచారి పొద్దున్నే తలస్నానం చేసి తెల్లపంచె కట్టుకున్నాడు. పళ్లెంలో పసుపు, కుంకుమ, టెంకాయ, ఒక చేతి అద్దం. గ్రైండర్లు ఆపించాడు. కారు తలుపు చప్పుడు కాగానే, అలవాటుగా, తొట్టిలో చెయ్యి పెట్టి మట్టి పూసుకున్నాడు.

సురేష్‌రెడ్డి ముందు దిగి తల్లికి చెయ్యందించాడు. సుగుణమ్మ చెయ్యి పట్టుకోకుండానే దిగింది. సన్నటి మనిషి. రాళ్లదుమ్ములో చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, సరాసరి బొమ్మ దగ్గరికి నడిచింది.

"ఆగు తల్లీ," అన్నాడు ఆచారి. "కండ్లు తెరిచేటప్పుడు ముందర ఎవురూ నిలబడగూడదు. మొదటి చూపు అద్దంలో పడాల. పక్కకు రా."

సుగుణమ్మ పక్కకొచ్చింది. ఫెబా అద్దం పట్టుకొని బల్లకు అటువైపు నిలబడింది. ఆచారి ఏదో గొణుక్కుంటూ కుడికంటికి పైరెప్ప గీశాడు, కిందిరెప్ప గీశాడు, నల్లగుడ్డుకు ఒక్క తిప్పు తిప్పాడు. ముప్పైయేళ్ల చెయ్యి. వెంట్రుకవాసి వణకలేదు. ఎడమ దగ్గరికొచ్చినప్పుడు మాత్రం క్షణం ఆగి, "ఈ పక్క ఇంత మెత్తగుండాదే?" అని ఫెబా వైపు చూశాడు. ఫెబా అద్దం వైపు చూసింది.

ఎడమకన్ను కూడా తెరుచుకుంది. సమంగా, తామరరేకులా.

"ఓయబ్బ!" అన్నాడు సురేష్‌రెడ్డి. "ఏమి కళ అన్నా! ఎమ్మెల్యే వచ్చి తెర తీస్తే ఊరంతా నోరు తెరుస్తాది. చూడమ్మా నాయన్ని."

సుగుణమ్మ ముందుకొచ్చింది. అద్దాన్ని చేత్తో పక్కకు నెట్టి, బొమ్మకు ఎదురుగా నిలబడింది.

"ముందర నిలబడగూడదు తల్లీ!"

"నలబై రెండేండ్లు ముందరే నిలబడినా. ఇప్పుడేమైతాది?"

చూసింది. తల కొంచెం పక్కకు వంచి చూసింది. ఒక కాలి మీద్నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుని చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఎవురీయప్ప?"

సురేష్‌రెడ్డి నవ్వబోయి ఆగిపోయాడు. "నాయన గదమ్మా."

"దేవుని మాదిరుండాడు. మీ నాయన దేవుడెప్పుడయినాడు? నన్నొక్క తూరి యాగంటికి తోలకపొమ్మంటే పదేండ్లు చేసినాడు." ఆమె మళ్లీ బొమ్మ వైపు చూసింది. "కన్నేదిరా?"

"అమ్మా, ఆ కన్ను ఇప్పుడెందుకు? నలుగురొచ్చే చోట. ఒంటికన్నోడంటారు."

"అన్నార్లే. బతికినన్నాళ్లూ అన్నారు. ఆయప్పే నవ్వేవాడు." ఆమె ఫెబాకు చెబుతున్నట్టు ఇటు తిరిగింది. అక్కడ ఆడపిల్ల ఇదొక్కటే మరి. "పెండ్లయిన మూడో ఏడు, శనగ నూర్చేటప్పుడు పొట్టు గుచ్చుకొని రెప్ప దిగిపాయ పాపా. కోయిలకుంట్ల సంతలో ఒకాయమ్మ, ఈ రెడ్డి నాకు కన్ను కొడ్తాండాడని చెప్పు తీసింది. నేను పోయి, లేదమ్మా, ఈయప్ప నాకే కొట్టడు, నీకేం కొడ్తాడు అని చెప్తే, సంతంతా నవ్వినారు. ఆ కన్ను లేకుంటే నేనెట్ల గుర్తుపట్టేది?"

సురేష్‌రెడ్డి కారు తాళంచెవులు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "చెయ్యన్నా. ఆయమ్మ చెప్పినట్టు చెయ్యి," అన్నాడు.

ఓబులేసాచారి తీగెపుల్ల తీసుకున్నాడు. రెప్పను కిందికి దించాలి. అతని చెయ్యి తనకు తెలిసిన పనే చేసింది. తీసింది. రెప్ప కింద మట్టి కోశాడు. రెప్ప దిగలేదు సరికదా, కన్ను లోపలికి పోయింది. ఇంకొంచెం తీశాడు. మెత్తటి మట్టి కదా, రెప్ప మొత్తం పుల్లతోపాటు ఊడొచ్చింది. కన్నున్న చోట గుంత పడింది.

సుగుణమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రాతిలో తీసింది మళ్లీ పెట్టేదుండదు. అందుకే ఆ చెయ్యి జన్మలో ఎప్పుడూ పెట్టడం నేర్వలేదు. ఆచారి ఊడొచ్చిన రెప్పను అరచేతిలో పట్టుకొని నిలబడ్డాడు. మణికట్ల దాకా పూసుకున్న మట్టి అప్పటికే ఆరి, పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. పనిచేసే చేతికి పట్టిన మట్టి అట్లా రాలదు. ఫెబాకు తెలుసు. ఆ క్షణంలో ఆచారికి కూడా తెలిసినట్టుంది.

ఫెబా అద్దం పట్టుకునే ఉంది.

"పాపా," అన్నాడు ఆచారి. ఊడిన రెప్పను తొట్టిలో వేశాడు. "పాపా, ఇట్ల రా."

పుల్లను వెనక్కి తిప్పి, పిడి ఆమె వైపుండేలా అందించాడు.

"ఈ ముఖం చేసింది ఈ పాప, రెడ్డీ. నేను కాదు. మట్టిపని నాది కాదు, నాది రాయి."

"మరి ఇన్నాళ్లూ నువ్వే అన్నావు గదన్నా?"

"అన్నా. మా అంగట్లో అట్లనే అంటాం."

సుగుణమ్మ ఫెబాను కిందినుంచి పైదాకా చూసింది. "ఎవురి పాపవు నువ్వు?"

ఆ ప్రశ్న ఫెబాకు కొత్త కాదు. దాని వెనకాల వచ్చేది కూడా కొత్త కాదు. "సువార్తమ్మ కూతుర్నమ్మా. మాది ఉయ్యాలవాడ పక్కన. నా పేరు ఫెబా."

సుగుణమ్మ ఫెబా చేతుల వైపు చూసింది. సురేష్‌రెడ్డి ఏదో అనబోయాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"చెయ్యి మరి. నేను చెప్తా."

ఫెబా పుల్ల పక్కన పెట్టేసింది. గుంతలోకి మట్టి చిన్నచిన్న ముద్దలుగా పెట్టి, బొటనవేలితో ఒత్తుతూ గుడ్డు కట్టింది. గోధుమగింజంత మట్టిని వేళ్ల మధ్య పొడుగ్గా నలిపి, రెప్పగా పరిచింది.

"ఇంగ రోంత దిగాల," అంది సుగుణమ్మ. "ఇంగా. ఆ చివరన గాదు, నడుమ. నడుమ బరువుంటాది... ఆఁ. ఆడ ఆపు."

ఫెబా ఆపలేదు. విల్లులా వంగిన కనుబొమను మళ్లీ ముడిచింది. పోయిన పెదవి కొన పెట్టింది. దవడ పెట్టింది. కుడికన్ను కింద, పెళ్లిపందిట్లో చూసిన నవ్వు ముడత ఒకటి పెట్టింది. ఎంతసేపైందో ఎవరూ చూసుకోలేదు. మంచి గడియ ఎప్పుడో దాటింది. ఆచారి మధ్యలో రెండుసార్లు నీళ్ల డబ్బా అందించాడు. అడక్కుండానే.

ఫెబా వెనక్కి జరిగింది.

తిమ్మారెడ్డి ఒక కన్ను సగం మూసి సంతలో ఎవరినో చూస్తున్నాడు.

సురేష్‌రెడ్డి తువ్వాలు లేకపోయినా తీసేవాడిలా నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నాయనా," అన్నాడు మెల్లగా, బొమ్మతో కాదు, తనతోనే.

సుగుణమ్మ దగ్గరికెళ్లింది. నడుముకు దోపిన కొంగు తీసింది. కొసను వేలికి చుట్టుకొని, ఆ ఎడమకన్ను కొనను తుడిచింది. నలభై ఏళ్లుగా రోజూ తుడిచినట్టు, చూడకుండానే, చేతివాటుగా. "ఎప్పుడూ కారేది," అంది. తుడిచాక గానీ అది మట్టి అని గుర్తురాలేదు. కంగారుగా చెయ్యి తీసేసింది. కంటి కొన దగ్గర నేతచీర పోగులు అచ్చంగా ముద్రపడ్డాయి.

"అయ్యో, చెడగొట్టినానా పాపా?"

ఫెబా పుల్ల తీసుకొని సరిచెయ్యబోయింది. ఆచారి ఆమె మణికట్టు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ. అచ్చు తీసి పోత పోసినా వస్తాది. ఉండనీ."

*

శుక్రవారం మూడు గంటలకు ఓబులేసాచారి పనిశాల పేరున్న కాగితాల పుస్తకం తీశాడు. దుమ్ము ఊదాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఫెబా కంప్యూటరు సెంటర్లో ఇంగ్లీషులో కొట్టించుకొచ్చిన కాగితం పక్కన పెట్టింది. అందులో పనిశాల పేరు, తేదీలు అన్నీ ఉన్నాయి. కింద సంతకం పెడితే చాలు.

అతను దాన్ని మూడుసార్లు తిప్పి చూశాడు. "ఇందులో ఏముండాదో నాకు తెల్దు. తెలీని దాని కింద సంతకం పెట్టను. నేనే రాస్తా. తెలుగులో రాస్తే తీసుకోరా?"

"తెల్దు సార్."

"తీసుకోకుంటే రెండూ పెట్టు. అది ఇంగ్లీషు, ఇది నిజం."

ఉలి పట్టుకున్నట్టే పెన్ను పట్టుకున్నాడు. ఒక్కో అక్షరం చెక్కినట్టు రాశాడు. చాలాసేపు పట్టింది. రాసింది నాలుగే మాటలు.

*తిమ్మారెడ్డి గారి ముఖము సువార్తమ్మ కూతురు ఫెబా చేసినది. కండ్లు తెరిచినదియు ఆమెయే. నేను పక్కన నిలబడి చూసినాను. ఓబులేసాచారి, శిల్పి, ఆళ్లగడ్డ.*

తర్వాత ఇంగ్లీషు కాగితం కింద కూడా సంతకం చేశాడు. ఫెబా రెంటినీ ఫోటో తీసుకుంది. ఇంకా గంటంబావు టైముంది. నెట్ సెంటరు నాలుగడుగుల్లోనే.

బయట కంకర మీద చప్పుడైంది. ఎవరిదో కొత్త కారు. బొమ్మ కోసమే. ఓబులేసాచారి లేచాడు, అలవాటుగా తొట్టి దగ్గరికి పోయాడు, చెయ్యి ముంచాడు.

పిడికెడు మట్టి బయటికి తీశాడు. దాన్ని చూశాడు. ఫెబా వాకిట్లో చెప్పులు తొడుక్కుంటోంది.

మట్టిని మళ్లీ తొట్టిలో వేసి, తడిగుడ్డ కప్పి, తువ్వాలుతో చేతులు శుభ్రంగా తుడుచుకొని కారు దగ్గరికి నడిచాడు.

"మట్టిబొమ్మైతే కూచోండి సార్," అన్నాడు. "చేసే పాప నెట్ సెంటరు దాకా పోతాంది. అర్ధగంటలో వస్తాది."